కుర్చీలో కూర్చున్న తప్పెట

మమ్మల్ని ఎవరూ రిటైర్ చెయ్యరు. ఆర్కెస్ట్రాల్లో వాయించేవాళ్ళకి వీడ్కోలు సభ, శాలువా, గోడ గడియారం ఉండవు. ఫోను మోగడం తగ్గుతుంది, అంతే. మొదట్లో పెళ్ళిళ్ళ సీజన్లో తప్ప మోగదు. తరవాత సీజన్లో కూడా మోగదు. ఒక రోజు మన ఫోను పాడైందేమోనని పక్కింటివాళ్ళ ఫోను అడిగి తీసుకుని మనకి మనమే చేసి చూసుకుంటాం. అది బ్రహ్మాండంగా మోగుతుంది. ఆ రోజు రిటైరయినట్టు లెక్క.

నాకా ముచ్చట యాభై నిండీ నిండకుండానే తీరింది. ఇప్పుడు విజయనగరంలో షామియానాలు, కుర్చీలు, వంట గిన్నెలు అద్దెకిచ్చే కొట్టు నడుపుతున్నాను. డీజే బాక్సులు పెట్టే కుర్రాళ్ళు కుర్చీల కోసం నా దగ్గరికే వస్తారు. నా పొట్ట కొట్టినవాళ్ళకి నేనే కుర్చీలు సర్దుతున్నాను. వాళ్ళలో ఒకడు మొన్న కుర్చీల దొంతర వెనక దుప్పటి కప్పి ఉన్న వస్తువుని చూసి, "అంకుల్, ఇదేటి, పాత స్టెబిలైజరా?" అన్నాడు. నా జీవితమంతా వాయించిన వస్తువుని ఫ్రిజ్ పక్కన పెట్టే డబ్బా అన్నాడన్నమాట. కోపం రాలేదు. రెండు కుర్చీలు విరిగినవి కలిపి ఇచ్చాను. వాడి కోసం, వాడి వయసులో ఉన్న మీ అందరి కోసం ఇది రాస్తున్నాను.

దాని పేరు అనలాగ్ డ్రమ్ సింథసైజర్. ఆ పేరు పలికే ఓపిక మా వైపు ఎవరికీ లేదు కాబట్టి "పెట్టె" అనేవారు, నన్ను "పెట్టె మాస్టారు" అనేవారు. చెన్నైలో ఒక రికార్డింగు థియేటర్ మూసేస్తూ పాత సామాను తీసేస్తుంటే కొన్నాను. రైల్లో తెచ్చి కొత్తవలసలో దించుకున్నాను. పైన రబ్బరు పలకలు, వాటి కింద వరసగా నాబ్బులు. పలక మీద వేలితో కొట్టినా, పుల్లతో కొట్టినా లోపల కరెంటు కదిలి దెబ్బ పుడుతుంది. ఆ దెబ్బ లావుగా ఉండాలా, సన్నంగా ఉండాలా, వెంటనే ఆగిపోవాలా, కాసేపు తేలాలా, దాంట్లో ఎంత గాలి కలవాలి, ఇవన్నీ నాబ్బులు తిప్పి మనమే తెచ్చుకోవాలి. మీరు వాయించే ప్యాడ్లలో వేల శబ్దాలు దాచిపెట్టి ఉంటాయి. మీట నొక్కితే మృదంగం, మరోటి నొక్కితే ఆఫ్రికా. నా పెట్టెలో ఒక్క శబ్దం కూడా దాచి ఉండదు. నిన్న ఎంత బాగా కుదిరినా ఇవాళ మళ్ళీ మొదటినుంచీ వండుకోవాలి. పైగా ఎండ తగిలితే గొంతు పైకి పోతుంది, చలికి దిగిపోతుంది. జనరేటర్లో డీజిల్ అయిపోతున్న సంగతి ఆపరేటర్ కంటే ముందు నా పెట్టెకే తెలిసేది.

మా నాన్న గుళ్ళో డోలు వాయించిన మనిషి. పెట్టె ఇంటికి తెచ్చిన రోజు చుట్టూ తిరిగి చూసి, "కరెంటు పోతే ఆగిపోయేది వాయిద్యం కాదురా, పంకా" అన్నారు. అయినా దానితోనే ఇల్లు నడిపాను. రాజాం దగ్గర ఒక పెళ్ళిలో ఉరుము శబ్దం తీస్తే చుట్టుపక్కల ఇళ్ళ ఆడవాళ్ళు డాబాల మీదికి పరిగెత్తి వడియాలు ఎత్తేశారు. భావనపాడులో గంగపుత్రుల సంబరానికి తుఫాను గాలి శబ్దం తీస్తే, వేటకి బయల్దేరిన పడవలు వెనక్కి తిరిగి ఒడ్డుకొచ్చేశాయి. పడవల మాట నేను కలిపింది. వడియాలు నిజం. నన్ను ఎరిగినవాళ్ళు నేను చెప్పేదాన్ని సగానికి కోసుకుని వింటారు, నాకూ ఆ సంగతి తెలుసు కాబట్టి ముందే రెండింతలు చేసి చెప్తాను. ఇప్పుడు చెప్పబోయేదాంట్లో మాత్రం ఏమీ కలపలేదు. కలుపుదామని చూశాను, అతకలేదు.

తప్పెటగుళ్ళు మీరు చూసే ఉంటారు. జిల్లాలో మంత్రి ఎవరొచ్చినా కారు ముందు గెంతుతూ వెళ్ళేది వాళ్ళే. రొమ్ము మీద రేకు తప్పెట కట్టుకుని, కాళ్ళకి గజ్జెలతో, రెండు చేతులా వాయిస్తూ గుండ్రంగా తిరుగుతారు. గొర్రెలు కాసుకునేవాళ్ళు గంగమ్మ తల్లి ముందు వాన కోసం ఆడిన ఆట అది. మధ్యలో గురువు ఉంటాడు. ఆయన గెంతితే అందరూ గెంతుతారు, ఆయన వంగితే వంగుతారు. నాగావళి ఒడ్డున ఒక ఊళ్ళో అలాంటి గురువొకాయన ఉండేవాడు. ప్రభుత్వ సభల్లో ముందు వాళ్ళ ఆట, తరవాత మా పాటలు. ఎచ్చెర్లలో ఒకసారి స్టేజీ వెనక టీ తాగుతూ నా పెట్టెని పలక మీద గోటితో కొట్టి చూసి, "ఒరే పెట్టోడా, దీనికి ఆకలేస్తే ఏటి పెడతావు?" అని అడిగాడు. కరెంటు అన్నాను. "మరి నాకూ అదే పెట్టరా, కూలి పని తప్పుతాది" అన్నాడు. అప్పట్నుంచీ ఎక్కడ కలిసినా "పెట్టోడా" అనే పిలుపు. నాకు ఆయన మీద ఉన్నది గౌరవమో భయమో చెప్పలేను. ఆ వయసులో ఆ గెంతు గెంతే మనిషిని చూస్తే నా మోకాళ్ళు సిగ్గుపడేవి.

ఒక ఎండాకాలం ఆయన చెల్లెలి మొగుడు మా ఇంటికొచ్చాడు. జట్టులో ఇతను రెండోవాడు, గురువు పక్కనే నిలబడి ఆడేవాడు. చంకలో గోనెసంచి, అందులో పనసకాయ. పనసకాయతో వచ్చినవాడు ఊరికే రాడని మా ఆవిడ కళ్ళతోనే చెప్పింది.

"మాస్టరు గారూ, మా బావకి విశాపట్నంలో రొమ్ము కోసీసినారు," అన్నాడు నేల మీద చతికిలబడుతూ.

"ఏమైంది?"

"గుండికెల్లే నరాలు పూడిపోనాయంట. కోసి, బాగుసేసి, బొమికలు తీగెలెట్టి కుట్టీసినారు. బానే ఉన్నాడిప్పుడు. అన్నం తింతన్నాడు, అందర్నీ తిడతన్నాడు. గాని డాక్టరు తప్పెట ముట్టుకోవద్దన్నాడు. రొమ్ము మీద దెబ్బ పడకూడదు, గెంతకూడదు. అలగ సేత్తే మరి నా దగ్గిరికి తేవక్కర్నేదు, అటే తీసుకుపోండన్నాడు."

"ఆయనేమంటారు?"

"ఏటంటాడు. గంగమ్మ పండగ వస్తన్నాది కదా. తప్పెట కట్టుకుంటానంటన్నాడు. ఆయన పెళ్ళాం, నాకు అక్క వరస, అన్నం మానీసి కూకుంది."

ఆ ఊరి ఆచారం ఒకటి అతను చెప్పాకే నాకు తెలిసింది. గంగమ్మ ముందు తొలి దెబ్బ గురువే వెయ్యాలి. ఆయన దెబ్బ పడేదాకా ఎవరి తప్పెటా పలకకూడదు. గురువు ఇక ఆడలేననుకుంటే, అమ్మవారి ఎదురుగా, ఊరందరి ముందు తన రొమ్ము మీది తప్పెట విప్పి మరొకడికి కట్టాలి. కట్టిన తరవాత ఇంకెప్పుడూ తప్పెట ముట్టుకోడు. సరదాకి కూడా. ఆ కట్టించుకోవలసినవాడు ఇదిగో, పనసకాయ పట్టుకొచ్చిన ఈ మనిషే.

"నాకు కట్టమని నానడగను మాస్టరు గారూ. నా నోట రాదది. ఆయన్ని కుర్సీలో కూకోబెట్టాల. కూకోబెట్టినా తప్పెట ఆయన సేతిలోనే ఉన్నట్టుండాల. ఏళ్ళతో కొడితే సాలు కదా నీ పెట్టికి? మా బావ సప్పుడు అందులోంచి వస్తాదా?"

వస్తుందన్నాను. రాదని ఏ రోజూ ఎవరికీ చెప్పిన అలవాటు లేదు నాకు.

పెట్టె, యాంప్లిఫయరు, స్పీకరు బాక్సులు ఆటోలో వేసుకుని వాళ్ళ ఊరు వెళ్ళాను. గురువు పెంకుటింటి అరుగు మీద దిండుకి ఆనుకుని ఉన్నాడు. చొక్కా లేదు. రొమ్ము మధ్య పైనుంచి కిందికి గీత, ఇంకా పచ్చిగా మెరుస్తోంది. మనిషి సగమయ్యాడు. నోరు మాత్రం మొత్తం ఉంది.

"వచ్చినావా పెట్టోడా. నాకు మేళం కడతానన్నావంట. ముసలోడికి పెళ్ళేటి మళ్ళీ?"

ఆయన భార్య నన్ను పెరట్లోకి పిలిచింది. గట్టి మనిషి. కళ్ళలో నీళ్ళు లేవు. "బాబూ, నీ పెట్టి పాడయిపోతే మరొకటి కొనుక్కుంటావు. ఈ మనిసి పాడయిపోతే నాకు మరొకడు దొరకడు. దొరికినా నాకొద్దు, ఈడితోనే సాలు. కుర్సీలోంచి లెగకుండా సూడు. మరేటీ అడగను," అంది.

ఇక వంట మొదలుపెట్టాను. పలక మీద కొట్టడం, నాబ్బు తిప్పడం, ఆయన మొహం చూడడం.

"ఇది డబ్బా," అన్నాడు. తిప్పాను. "ఇది సత్తుగిన్ని." ఇంకాస్త తిప్పాను. "ఇది మీ ఆవిడ నీ వీపు మీద కొట్టిన సప్పుడు."

అసలు శబ్దం వింటే తప్ప కుదరదన్నాను. ఆయన తప్పెటని దూలానికి వేలాడదీసి కొట్టారు. చచ్చిన శబ్దం. తప్పెట ఒక్కటీ కాదు, దాని వెనక మనిషి రొమ్ము కూడా మోగుతుందని అప్పుడు అర్థమైంది. బావమరిది కట్టుకుని కొట్టాడు. "అది ఆడి రొమ్ము," అన్నాడు గురువు. నేను కట్టుకున్నాను. "అది రొమ్మా, కొత్తిమీర కట్టా?" అన్నాడు. అరుగంతా నవ్వింది. నవ్వితే ఆయనకి కుట్ల దగ్గర నొప్పి వచ్చి, రెండు చేతులూ రొమ్ము మీద అదిమి పట్టుకున్నాడు. నవ్వు ఆగిపోయింది.

తన రొమ్ము ఎలా మోగుతుందో ఆయనకే తెలియదు, లోపలినుంచి విన్నవాడు కదా. బయటినుంచి ఏళ్ళ తరబడి విన్నది ఆయన భార్య ఒక్కతే. వంటింట్లో ముంతలు కడుగుతూ ఆవిడే అంది: "ఇంకా లోపలికెల్లాల బాబూ." లావు చేశాను. "అంత కాదు, అది గోదాల రంకి, ఎద్దు అరిసినట్టున్నాది." తగ్గించాను. "దెబ్బ పడ్డాక సిన్న ఊపిరొదిలినట్టుంటాది. అది నేదు." గాలి నాబ్బు వెంట్రుకంత తిప్పి కొట్టాను. మళ్ళీ కొట్టాను. వంటింట్లో ముంతల చప్పుడు ఆగింది. ఆవిడ గుమ్మంలోకొచ్చి, మొహం గోడవైపు పెట్టుకుని నిలబడింది.

"అదే. ఒగ్గీ బాబూ. ముట్టుకోకు."

గురువు పలక మీద వేళ్ళు పెట్టి కొట్టాడు. వీధిలో వెళ్తున్న ఎవరో ఆగి, "అయ్యో, ముసలోడు తప్పెట కట్టీసినాడు!" అని కేకేశారు. ఆ మాట ఆయనకి ఎంత నచ్చిందో చెప్పలేను. పొద్దుగూకేదాకా కొడుతూనే ఉన్నాడు. కొట్టిన ప్రతిసారీ పలక పక్కన చిన్న ఎర్ర దీపం వెలిగి ఆరుతుంది, దాన్ని చూసి పిల్లాడిలా మురిసిపోయాడు. ఒక్కొక్క నాబ్బూ చూపించి ఇదేటి, అదేటి అని అడిగాడు. అన్నీ చెప్పాను. ఆయనకి పట్టినవి రెండే: శబ్దం పెరిగే నాబ్బు, దీపం.

మర్నాడు జట్టంతా వచ్చింది. నేను స్టేజీ అలవాటు చొప్పున స్పీకరు బాక్సులు అటొకటి ఇటొకటి పెట్టాను. గురువు మధ్యలో కుర్చీలో కూర్చుని మొదలుపెట్టాడు. జట్టు ఆయన చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. కాసేపటికి ఒక్కొక్కడే స్పీకరు వైపు తిరిగిపోయాడు. దెబ్బ ఎటునుంచి వస్తే మనిషి అటే తిరుగుతాడు, అందులో వాళ్ళ తప్పు లేదు. చూస్తుండగా గురువు చుట్టూ వీపులే మిగిలాయి.

"ఒరే, నా మొగం కంటే ఆ డబ్బా మొగం బాగుందేటిరా?" అని అరిచాడు. అందరూ నాలిక్కరుచుకున్నారు. ఆయన నవ్వుతూనే అన్నాడు గాని, పలక మీంచి వేళ్ళు తీసేసి ఒళ్ళో పెట్టుకున్నాడు. నేను గబగబా బాక్సులు రెండూ మోసుకొచ్చి ఆయన కుర్చీ వెనక పెట్టాను. ఇప్పుడు దెబ్బ ఆయన వైపునుంచే వస్తోంది. జట్టు మళ్ళీ ఆయన వైపు తిరిగింది. గండం గడిచిందనుకున్నాను. ఆర్కెస్ట్రా బుర్ర కదా, స్పీకరు సర్దితే అన్నీ సర్దుకుంటాయనుకుంటుంది.

గంగమ్మ పండగ నాడు ఎండ మండిపోతోంది. పెట్టె మీద తడి తువ్వాలు వేసి, నేను గొడుగు పట్టుకుని నిలబడ్డాను. మంత్రులకి పట్టినంత శ్రద్ధగా ఒక పెట్టెకి గొడుగు పట్టడం చూసి ఊరివాళ్ళు నవ్వారు. గురువుకి కొత్త పంచె, తలపాగా. ఆయన భార్య కుర్చీకి కాస్త పక్కగా, మజ్జిగ చెంబు పట్టుకుని నేల మీద కూర్చుంది.

తొలి దెబ్బ పడింది. నిజంగా తప్పెటే. అమ్మవారి ముందు నిలబడ్డ ఊరంతా ఒక్క గొంతుతో అరిచింది. జట్టు తప్పెటలు అందుకున్నాయి, గజ్జెలు కదిలాయి. గురువు కుర్చీలోనే ముందుకీ వెనక్కీ ఊగుతూ, తల ఎగరేస్తూ, ఒక్కొక్కడి పేరూ పిలుస్తూ వాయిస్తున్నాడు. ఎండకి పెట్టె గొంతు పైకి పోతుంటే నేను నాబ్బు తిప్పి కిందికి లాగుతున్నాను. ఆయన వేళ్ళు, నా చెయ్యి. ఇద్దరం కలిసి ఒక మనిషి. నా ఉద్యోగంలో అంత బాగా వాయించిన రోజు మరొకటి లేదు. ఆయన భార్య వైపు చూశాను. మొదటిసారి ఆవిడ నవ్వింది.

ఆట జోరందుకున్నాక తేడా వచ్చింది. నాకు ముందు తెలియలేదు. గజ్జెల చప్పుడు ఒక ముద్దగా పడాల్సింది, చెదిరి పడుతోంది. ఒకడు తూలి, పక్కవాడి భుజం పట్టుకుని నిలదొక్కుకున్నాడు.

విషయం ఏమిటంటే, గెంతబోయే ముందు గురువు ఊపిరి పీలుస్తాడు. ఆ ఊపిరికి రొమ్ము లేస్తుంది, రొమ్ముతో తప్పెట లేస్తుంది, దెబ్బ ఒక రవ్వ ఆలస్యంగా పడుతుంది. ఆ రవ్వ ఆలస్యమే జట్టుకి కబురు. ఇప్పుడు గెంతాలి, ఇప్పుడు వంగాలి అని అదే చెప్తుంది. కుట్లున్న రొమ్ముతో ఆయన ఆ ఊపిరి తియ్యలేడు. కూర్చున్న మనిషికి గెంతూ లేదు. దెబ్బ గీత గీసినట్టు తిన్నగా పడుతోంది. ఎదురుగా బావమరిది గెంతుతున్నాడు. అతని తప్పెటకి ఆ ఊపిరి ఉంది. పాపం, అతను తప్పెట పైకి వినపడకుండా వేళ్ళ కొసలతో వాయిస్తున్నాడు, బావ దెబ్బని తొక్కకూడదని. కాని ఒళ్ళు దాచుకోలేడుగా. జట్టు చెవులు కుర్చీ దగ్గర, కళ్ళు అతని కాళ్ళ మీద. ఒక్కొక్కడికీ రెండు దెబ్బలు.

తరవాతది నిలువు కట్టడం. మనుషుల భుజాల మీద మనుషులెక్కి, పైవాడు తప్పెట వాయిస్తూ నిలబడాలి. కిందవాళ్ళు ఆ బరువుతోనే అడుగు వెయ్యాలి. అడుగు చెదిరితే పైవాడు నేల మీదుంటాడు. కిందవాళ్ళు అప్పటికే భుజాలు కలుపుతున్నారు.

గురువు నాకంటే ముందే చూశాడు. ఊగడం ఆపేశాడు. కుడి చెయ్యి పలక మీద ఆడుతూనే ఉంది, ఎడమ చెయ్యి నా వైపు చాచి శబ్దం నాబ్బు పట్టుకున్నాడు. పెంచబోతున్నాడేమో, బాక్సులు అరుస్తాయని నేను చెయ్యి అడ్డం పెట్టాను. మణికట్టుతో నా చెయ్యి పక్కకి తోశాడు.

తగ్గించాడు. ఒకేసారి కాదు. ఒక చుట్టు జట్టు తిరిగేంతలో కాస్త, మళ్ళీ చుట్టులో ఇంకాస్త. కళ్ళు వాళ్ళ పాదాల మీదే ఉన్నాయి. ఆయన దెబ్బ తగ్గిన మేరకి బావమరిది వేళ్ళు తనకి తెలియకుండానే గట్టిపడ్డాయి. ఎవడూ తల తిప్పలేదు. ఎవడికీ ఏదీ ఆగినట్టు అనిపించలేదు. గజ్జెలు మెల్లమెల్లగా కూడుకుని మళ్ళీ ఒక్క ముద్దగా పడడం మొదలైంది. నాబ్బు అడుగుకి వచ్చేసింది. ఆయన కుర్చీ వెనక బాక్సుల్లో మామూలు గుయ్ మనే చప్పుడు తప్ప ఏమీ లేదు.

మనుషుల మీద మనుషులెక్కారు. పైవాడు రెండు చేతులా వాయిస్తూ నిలబడ్డాడు. కింద ఒక్క అడుగు చెదరలేదు. ఊరు ఊగిపోయింది.

ఆయన ఆపలేదు. పలక మీద వేళ్ళు అలాగే ఆడుతున్నాయి. శబ్దం చచ్చిపోయినా దెబ్బ పడితే దీపం వెలుగుతుంది, మా పెట్టె కట్టుబడి అలాంటిది. ఎర్ర దీపం వెలుగుతూ ఆరుతూ, వెలుగుతూ ఆరుతూ, బావమరిది తప్పెటతో ఒక్క రవ్వ తేడా లేకుండా నడిచింది. ఆట ముగిసేదాకా నడిచింది. నేను పెట్టెకి గొడుగు పట్టుకునే నిలబడ్డాను. పలకని పెట్టెకి ఎండ తగిలితే ఎంత, తగలకపోతే ఎంత. ఆ మాట తరవాత తోచింది.

ఆట ముగియగానే బావమరిది పరిగెత్తుకొచ్చి ఆయన పాదాల దగ్గర పడ్డాడు. చెమటతో నిండా తడిసి ఉన్నాడు. "బావా, నీ దెబ్బ మీదే ఎక్కినారు ఆళ్ళు. మద్దిలో భయమేసింది, నీ దెబ్బ దొరికీసింది, అంతే, మరి సూసుకోనేదు!"

"ఊఁ," అన్నాడు గురువు. "బాగా ఎక్కినారు."

ఆయన భార్య మజ్జిగ పోసి ఇచ్చింది. ఆయన తాగాడు. నేను వైర్లు చుడుతూ, చుట్టూ ఎవరూ లేని సమయం చూసి అడిగాను, ఎందుకలా చేశారని.

"రెండు దెబ్బల మీద పాదం నిలవదురా పెట్టోడా."

"తప్పెట మీ బావమరిదికే కట్టేస్తే పోయేది కదా గురూగారూ, అందరి ముందు."

మూతి తుడుచుకున్నాడు. "కట్టడానికి సెయ్యి రానేదు," అన్నాడు. ఆ తరవాత, "ఆడికి సెప్పకు. నా దగ్గిర దొంగిలించీసినాననుకుంటాడు ఎర్రోడు."

చెప్పలేదు. నిజం చెప్పకుండా ఉండడం నాకు కొత్త విద్యా ఏమిటి.

ఆయన ఆ చలికాలం దాటలేదు. పొద్దున్న లేపబోతే లేవలేదట. పదో రోజుకి నన్ను పిలిచారు. జట్టంతా అక్కడే ఉంది. బావమరిది గుండు చేయించుకుని, అందరికీ వడ్డిస్తూ మాటిమాటికీ అదే చెప్తున్నాడు. "మా బావ తప్పెట ఇప్పనేదు. గురువుగా ఆడినాడు, గురువుగానే ఎల్లిపోనాడు. ఆ పండగ నాడు మొదటి దెబ్బ కాడ్నించి సివరి దెబ్బదాకా ఆయనే. మాస్టరు గారు పక్కనే ఉన్నారు, అడగండి. అవునా మాస్టరు గారూ?"

అందరూ తినడం ఆపి నా వైపు చూశారు.

"అవును," అన్నాను. "చివరి దెబ్బదాకా ఆయనే కొట్టారు."

భోజనాలయ్యాక చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్తే ఆవిడ ఉంది. చెంబుతో నీళ్ళు పోసింది. పోస్తూ, తల ఎత్తకుండా అంది:

"ఆయన సెయ్యి ఆ సప్పుడు తిప్పీ మరమీదికి ఎల్లినపుడు నాను సూసినాను బాబూ."

నీళ్ళు నా చేతుల మీంచి కారిపోతున్నాయి.

"ఆపొచ్చును. నీకు సెప్పొచ్చును, పెంచు బాబూ అని. పెంచితే కాళ్ళు తడబడతాయి, తడబడితే ఈ మనిసి ఊరుకోడు, లెగిసి తప్పెట లాక్కుని కట్టీసుకుంటాడు. నాకు తెల్దా. అందుకని నోరు మూసుకున్నాను. కుర్సీలోంచి లెగనేదు కదా, అదే సాలనుకున్నాను."

"మీరడిగింది అదే కదమ్మా," అన్నాను.

"అదే అడిగినాను. అలగే జరిగింది. బతికినాడు. పండగ కాడ్నించి అరుగు మీద కూకునీవాడు. తప్పెట మాట ఎత్తనేదు, తిట్టడం మానీసినాడు. అన్నం తిన్నావా అంటే తిన్నాననీవాడు. ఏటాలోసిస్తన్నావు అంటే ఏటీ నేదనీవాడు. ఏళ్ళు మాత్రం పంచి మీద ఆడతానే ఉండీవి. సప్పుడుండీది కాదు. నాను పక్కన కూకుని సూసీదాన్ని."

చెంబులో నీళ్ళు అయిపోయాయి. ఆవిడ చెంబు బోర్లించి చూసి, మళ్ళీ ముంచడానికి వంగింది.